మోల్టెన్ కోర్‌లో మా అవ్వ గొంతు: రెయిడ్ యాడాన్ల ప్రాజెక్టు డైరీ

పని ఏంటంటే

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్‌లో రెయిడ్‌కి (40 మంది కలిసి బాస్ అనే పెద్ద శత్రువును కొట్టే ఆటకి) నిజంగా కావాల్సిన యాడాన్లు (గేమ్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) మాత్రమే ఏరి ఒక సెట్టుగా కట్టాలి, అందులో బాస్ హెచ్చరికలన్నీ తెలుగులో వినపడాలి. ఇదీ ప్రాజెక్టు. నేను కర్నూల్లో ఉంటా, మా బావ అనంతపురం, మా చిన్నాన్న కొడుకు కడపలో డిగ్రీ చదువుతున్నాడు, ఇంకో ఇద్దరు ముగ్గురు ప్రొద్దుటూరు వాళ్లు. మన దేశంలో ఈ గేమ్‌కి సర్వర్ లేదు, అందుకని యూరప్ సర్వర్‌లో ఒక గిల్డ్‌లో (ఆటగాళ్ల జట్టులో) చేరి ఆడుతున్నాం. వాళ్లకు రాత్రి 8 అయితే చలికాలంలో మనకు అర్ధరాత్రి 12:30, మార్చి చివరి ఆదివారం వాళ్లు గడియారాలు జరుపుకున్నాక 11:30. అంటే ఇంట్లో అందరూ పడుకున్నాక హెడ్‌సెట్ పెట్టుకుని, గట్టిగా అరవకుండా ఆడాల్సిన ఆట.

దీనికంతా కారణం ఆ కడప తమ్ముడే. వాడు మేజ్, అంటే దూరం నుంచి మంత్రాలతో కొట్టేవాడు. ఆట బాగానే వచ్చు, కానీ 40 మంది రెయిడ్‌లో లీడర్ తన యాసలో గబగబా ఏదో అంటాడు, అదే క్షణంలో స్క్రీన్ మీద ఎర్రక్షరాలు, పసుపు బార్లు, ఎక్కడిదో గంట, వీడికి టెన్షన్ వచ్చి చేతులు ఆగిపోతాయి. "అన్నా, నాకు అర్థమయ్యేసరికి అయిపోతాంది" అన్నాడు. వాడి స్క్రీన్‌షాట్ ఒకటి పంపించమన్నాను. చూశాక వాడు అంతవరకైనా ఎలా బతికాడా అనిపించింది. ఎవరో తయారు చేసిన, స్క్రీన్ రూపాన్నే మార్చేసే పెద్ద యూఐ ప్యాకేజీ మొత్తం దించుకున్నాడు, దాని పైన ఇంకో పది రకాలు. బాస్ ఎక్కడ ఉన్నాడో వెతికితే గానీ కనపడడు.

ఊడ్చిపెట్టడం

మొదటి పని, ఉన్నదంతా పక్కన పెట్టడం. గేమ్ ఫోల్డర్లో క్లాసిక్ ఎరా అనే దాంట్లోకి పోతే ఇంటర్‌ఫేస్ అని ఒకటి, డబ్ల్యూటీఎఫ్ అని ఒకటి ఉంటాయి. మొదటిదాంట్లో యాడాన్ల కోడ్, రెండోదాంట్లో మన సెట్టింగులు. యాడాన్ తీసేసినా దాని సెట్టింగులు డబ్ల్యూటీఎఫ్‌లో అలాగే పడి ఉంటాయి, మళ్లీ వేస్తే పాత రోగం మళ్లీ వస్తుంది. అందుకని రెండింటి పేర్లూ మార్చేసి గేమ్ తెరవమన్నాను. డిలీట్ చేయొద్దు, పేరు మారిస్తే చాలు, గేమ్ కొత్తవి తానే పుట్టించుకుంటుంది, అవసరమైతే పాతవాటిలోంచి ఏదైనా తీసుకోవచ్చు.

ఖాళీ స్క్రీన్ చూసి వాడు "ఇదేంది అన్నా, బోడిగా ఉంది" అన్నాడు. బోడిగానే మొదలుపెట్టాలి. నేను పెట్టుకున్న నియమం ఒకటే: ఫైట్ నడుస్తుండగా ఈ ముక్క చూసి నేను ఇప్పుడే ఏదైనా చేస్తానా? చేయనంటే అది ఫైట్‌లో కనపడకూడదు. బంగారం ఎంత ఉంది, బ్యాగులో ఖాళీ ఎంత, ఎవరు ఏ లెవెల్, డ్యామేజ్ లిస్టులో నేను ఎన్నోవాణ్ణి, ఇవేవీ బాస్ మన మీద పెట్టిన బాంబు పేలే 8 సెకండ్లలో పనికొచ్చేవి కావు. డ్యామేజ్ మీటర్ విషయంలో బావ గొడవ పెట్టుకున్నాడు, ఆ సంగతి కింద రాస్తా.

ఏవి ఉంచాం, ఎందుకు

బాస్ టైమర్లకు రెండే పెద్ద పేర్లు: డెడ్లీ బాస్ మాడ్స్ (డీబీఎం), బిగ్‌విగ్స్. మామూలుగా వాడుకోవడానికి ఏదైనా ఒకటే, కానీ తెలుగు గొంతు పెట్టాలనేసరికి తేడా బయటపడింది. బిగ్‌విగ్స్‌కి ఉన్న వాయిస్ యాడాన్ ఒక్కో మంత్రానికి దాని ఐడీ నంబరుతో ఒక్కో సౌండ్ ఫైలు అడుగుతుంది, అది మంత్రం పేరు చెబుతుంది. డీబీఎం వాయిస్ ప్యాకులో ఫైళ్లు మంత్రాల పేర్లతో ఉండవు, చేయాల్సిన పని పేరుతో ఉంటాయి: బయటికి పరుగెత్తు, చెదిరిపో, కాళ్ల కింద చూసుకో, మంత్రం ఆపు, బాస్‌ని లాక్కో. ఒకే ఫైలు చాలా బాసులకు పనికొస్తుంది. మాకు కావాల్సింది సరిగ్గా ఇదే. ఏం జరుగుతోందో మా తమ్ముడికి చెప్పక్కర్లేదు, ఏం చేయాలో చెబితే చాలు. డీబీఎం ఖాయం.

బావ ప్రీస్ట్, అంటే మనవాళ్ల గాయాలు మాన్పే హీలర్. హీలర్‌కి అందరి ప్రాణం ఎంతుందో చూపించే రెయిడ్ ఫ్రేములే ప్రపంచం. గేమ్‌తో వచ్చేవి ఇప్పుడు పర్వాలేదు కానీ, 40 చిన్న డబ్బాల్లో ఎవరి మీద ఏ డీబఫ్ (శత్రువు వేసిన చెడు మంత్రం) ఉందో, అది తాను తీయగలిగిందో కాదో ఒక్క చూపులో తెలియాలంటే గ్రిడ్2 లాంటిది కావాలి. బావ అలాంటిదే వూడూ అనే యాడాన్ వాడతానన్నాడు, వాడుకోమన్నాను, అలవాటైన చేతిని మార్చకూడదు. డబ్బాల్లో మామూలు డీబఫ్‌లన్నీ ఆపించి రెండు రంగులే ఉంచాం: ప్రీస్ట్ తీయగలిగే మ్యాజిక్ అయితే నీలం, బాస్ ప్రత్యేకంగా వేసింది ఏదైనా ఉంటే ఎరుపు అంచు.

డీకర్సివ్. ఇది పాత కాలం నుంచీ ఉన్న యాడాన్. 2006 వరకు ఇందులో ఒక్క బటన్ నొక్కుతూ ఉంటే శాపం ఎవరికి ఉందో అదే వెతికి, అదే గురిపెట్టి, అదే తీసేసేది. ఆ డిసెంబర్లో వచ్చిన 2.0 ప్యాచ్‌తో గేమ్ తయారుచేసే బ్లిజార్డ్ ఆ తలుపు మూసేసింది: యాడాన్ చూపించొచ్చు గానీ మన బదులు ఎవరిని గురిపెట్టాలో, ఏ మంత్రం వేయాలో నిర్ణయించకూడదు. ఇప్పుడది స్క్రీన్ మీద చిన్న చిన్న చదరాలు చూపిస్తుంది, రంగు మారిన చదరాన్ని మనమే నొక్కాలి. మేం రెయిడ్ చేసే నిప్పుల గుహ మోల్టెన్ కోర్, దాని మొదటి బాస్ లూసిఫ్రాన్ దగ్గరే దీని విలువ తెలుస్తుంది. వాడు రెండు వేస్తాడు. ఒకటి శాపం, దాంతో మంత్రాల ఖర్చు రెట్టింపు, అది మేజ్‌లు, డ్రూయిడ్లు తీయాలి. రెండోది మ్యాజిక్, 10 సెకండ్లు ఆగి 2000 డ్యామేజ్, అది ప్రీస్టులు, పాలడిన్లు తీయాలి. అంటే మా తమ్ముడికీ బావకీ ఒకే ఫైట్‌లో వేర్వేరు పనులు. తమ్ముడి డీకర్సివ్‌లో శాపాలు మాత్రమే, బావ దాంట్లో శాపాలు తప్ప మిగతావి. ఈ ఒక్క సెట్టింగుకే చదరాలు సగం తగ్గిపోయాయి.

థ్రెట్ మీటర్. బాస్ ఎవరి మీద కోపంగా ఉన్నాడో చెప్పేది. దగ్గర నుంచి కొట్టేవాడు ట్యాంక్ (ముందు నిలబడి బాస్ దెబ్బలు కాచేవాడు) థ్రెట్‌లో 110 శాతం దాటితే, దూరం నుంచి కొట్టేవాడు 130 శాతం దాటితే బాస్ ఇటు తిరుగుతాడు. నేను హంటర్‌ని, ఫెయిన్ డెత్ కొట్టి చచ్చినట్టు పడుకుంటే థ్రెట్ పోతుంది కాబట్టి నాకు అంత భయం లేదు. మేజ్‌కి ఆ సౌకర్యం లేదు. డ్యామేజ్ మీటర్‌గా వాడే డిటెయిల్స్ యాడాన్‌లోనే టైనీ థ్రెట్ అని చిన్న ప్లగిన్ ఉంది, వేరే ఏదీ దించుకోకుండా దాన్నే పెట్టాం.

ఇక్కడే బావ గొడవ. డిటెయిల్స్ ఉంది కదా, హీలింగ్ లిస్టు కనపడితే తప్పేముంది అని. "బావా, ఫైట్ అయ్యాక చూసుకో" అంటే వినడు. చివరికి ఫైట్‌లో దాక్కుని, ఫైట్ అయిపోగానే బయటికొచ్చేలా డిటెయిల్స్‌లోనే పెట్టి ఇచ్చాను. మొదటి రాత్రి రెండుసార్లు సణిగాడు, తర్వాత మర్చిపోయాడు.

దొరికిన సరుకు పంచుకునే లూట్ యాడాన్ల గురించి రాయడానికేం లేదు, గిల్డ్ ఏది వాడమంటే అది.

టోక్ ఫైలు

డీబీఎం వాయిస్ ప్యాక్ చేయడానికి కోడింగ్ రావాలేమో అనుకుంటారు. యాడాన్లు రాసే లూవా భాషలో ఒక్క లైను కూడా రాయక్కర్లేదు. ఒక ఫోల్డర్, అందులో టోక్ అనే పొడిగింపుతో ఒక టెక్స్ట్ ఫైలు, పక్కనే ఆగ్ ఫార్మాట్‌లో సౌండ్లు. టోక్ ఫైల్లో ఇది వాయిస్ ప్యాక్ అని ఒక లైను, మెనూలో కనపడాల్సిన పూర్తి పేరు, ఒక పొట్టి పేరు, వెర్షన్ నంబరు. కిటుకు ఆ పొట్టి పేరులో ఉంది. ఫోల్డర్ పేరు డీబీఎం, ఒక అడ్డగీత, వీపీ, దాని వెంటనే సరిగ్గా ఆ పొట్టి పేరు ఉండాలి, ఎందుకంటే డీబీఎం ఆ పొట్టి పేరుతోనే దారి కట్టుకుని ఫైలు వెతుకుతుంది. ఒక్క అక్షరం తేడా ఉన్నా మెనూలో ప్యాక్ కనపడుతుంది, సౌండ్ మాత్రం రాదు, ఎర్రర్ కూడా రాదు.

పైన గేమ్ వెర్షన్ లైను కూడా ఉంటుంది. గేమ్ 1.15.8 అయితే 11508 అని రాయాలి. పాత నంబరుంటే యాడాన్ పాతబడిందని లిస్టులో ఎర్రగా చూపిస్తుంది, అయినా వేసుకోమని టిక్ పెడితే వేసుకుంటుంది.

ఇంకో విషయం. సౌండ్ ఫైలు కొత్తగా పెట్టినప్పుడు రీలోడ్ కమాండ్ చాలదు, గేమ్ పూర్తిగా మూసి తెరవాలి. గేమ్ మొదలయ్యేటప్పుడే ఏ ఫైళ్లున్నాయో చూసుకుంటుంది. మధ్యలో పెట్టినవాటిని లేనట్టే లెక్కేస్తుంది. ఇది తెలియక సౌండ్ రావట్లేదని ఫార్మాట్లు మార్చుకుంటూ కూర్చునేవాళ్లు చాలామంది.

పూర్తి ప్యాకులో ఫైళ్లు వందల్లో ఉంటాయి, అన్నీ రికార్డు చేసే ఓపిక ఎవరికీ లేదు. అలాగని వదిలేస్తే ఆ హెచ్చరిక వచ్చినప్పుడు నిశ్శబ్దమే. మోల్టెన్ కోర్‌కి, ఒనిక్సియా అనే డ్రాగన్ బాస్‌కి కావాల్సినవి మాత్రం ఏరుకుని, మిగతా పేర్లన్నింటికీ ఒకే సౌండ్ కాపీ చేసి పెట్టాను: స్టీలు గ్లాసు మీద స్పూనుతో ఒక దెబ్బ. అది వినపడితే ఇంకా రికార్డు చేయని హెచ్చరిక ఏదో వచ్చింది, స్క్రీన్ చూడు అని అర్థం.

రికార్డింగ్

మొదట మా అక్క చదివింది. స్పష్టంగా, పద్ధతిగా, ఆర్టీసీ బస్టాండులో అనౌన్స్‌మెంట్ లాగా వచ్చింది. విని ఎవరూ ఉరకరు.

బుధవారపేటలో మా అవ్వ వాళ్లింటికి పోయినప్పుడు సంగతి తేలింది. వంటింట్లో పొయ్యి దగ్గరికి మా అక్క కొడుకు పాకుతూ పోతుంటే అవ్వ మంచం మీద నుంచే "ఒరే, ఇట్ల రా!" అని ఒక కేక వేసింది. వాడే కాదు, నేనూ ఆగిపోయాను. ఆ గొంతు కావాలి.

మధ్యాహ్నం ఫ్యాను ఆపించి, తలుపులేసి, ఫోను ముందు పెట్టి "బయటికి ఉరుకు అను అవ్వా" అంటే మెల్లగా, ముద్దుగా అంటుంది. ఇంకోసారి అంటే "ఫ్యాను లేకుంటే ఉడికిపోతాం కదరా నాయనా, తొందరగా కానీ" అంటుంది. ఆ మాట మాత్రం గట్టిగానే అంది. సరే, మొత్తం సంగతి చెప్పాను. బారన్ గెడ్డన్ అని ఒకడుంటాడు, వాడు మనవాళ్లలో ఒకరి మీద బాంబు పెడతాడు, 8 సెకండ్లలో పేలుతుంది, పక్కనున్నవాళ్లందరికీ తగులుతుంది, పెట్టించుకున్నవాడు గుంపులోంచి బయటపడాలి. అవ్వ అంతా విని అడిగింది: "సరే, ఉరకమంటావు, యాడికి ఉరకల్ల వాడు?"

గోడ దగ్గరికి అన్నాను.

"అట్ల చెప్పు మరి. గోడ కాడికి ఉరుకు!"

అంతే, క్లిప్పు వచ్చేసింది, ఆ మాటే వాడుతున్నాం. డీబీఎం ఇన్నేళ్లుగా బయటికి పరుగెత్తమనే చెబుతోంది, ఎటు అనేది ఆడేవాడికి వదిలేస్తుంది, మా తమ్ముడు ఆగిపోయేది సరిగ్గా ఆ ఎటు దగ్గరే. అయితే ఒక చిక్కు. డీబీఎంలో ఆ ఫైలు అన్ని బాసులకీ ఒకటే, వేరే చోట గోడ దగ్గరికి పోవడం మంచిది కాకపోవచ్చు. అందుకని డీబీఎం ప్యాకులో "బయటికి ఉరుకు" ఉంచి, గెడ్డన్‌కి మాత్రం మన హెచ్చరికలు మనమే కట్టుకునే వీక్‌ఆరాస్ అనే యాడాన్‌లో విడిగా ఒక ఆరా (హెచ్చరిక) కట్టాను: ఆడేవాడి మీద లివింగ్ బాంబ్ డీబఫ్, ఐడీ 20475, కనపడగానే గోడ ఫైలు మోగాలి. రెండూ ఒకేసారి మోగకుండా డీబీఎంలో గెడ్డన్ పేజీకి పోయి ఆ ఒక్క హెచ్చరిక సౌండ్ ఆపేశాను.

ఇంకా అవ్వతో చెప్పించినవి: "శాపం తీయి", "ఆగు, కొట్టొద్దు", "కాళ్ల కింద చూసుకో", "దూరం దూరం జరగండి". అంకెలు ఒకటి నుంచి పది దాకా, అవి కౌంట్ అనే లోపలి ఫోల్డర్లో పెట్టాలి. అంకెల్లో అవ్వ సాగదీసింది, "నాలుగూ" అనేసరికి సెకండ్ దాటి మూడు మీదికి ఎక్కుతోంది. అవి మాత్రం అక్కవే పెట్టాను, లెక్కకు ఆ గొంతే సరిపోయింది.

ఎడిటింగ్ ఆడాసిటీలో. ముందు ఎవరూ మాట్లాడని ముక్క ఒకటి సెలెక్ట్ చేసి నాయిస్ ప్రొఫైల్ తీసుకోవాలి, తర్వాత మొత్తం మీద నాయిస్ రిడక్షన్. ఫ్యాను ఆపినా వీధిలో ఆటోల చప్పుడు ఉంటుంది, అది చాలావరకు పోయింది. అంతకంటే ముఖ్యమైంది, మాట మొదలయ్యే ముందున్న ఖాళీ. ఫోన్లో రికార్డు చేస్తే ప్రతి క్లిప్పు ముందూ పావు సెకండో అర సెకండో నిశ్శబ్దం ఉంటుంది, మామూలుగా మనకు తెలీదు. కానీ నాకు యూరప్ పింగ్ (సర్వర్‌కి సమాచారం పోయి రావడానికి పట్టే టైము) 160, 190 మిల్లీసెకండ్ల మధ్య ఆడుతుంటుంది, దాని మీద ఇంకో పావు సెకండ్ ఎందుకు పోగొట్టుకోవాలి? వేవ్‌ఫామ్ బాగా పెద్దది చేసి, మాటలో మొదటి గీత లేచిన చోటికి ముందున్నదంతా కోసేశాను. మోనోలో, అన్ని క్లిప్పులూ ఒకే లౌడ్‌నెస్‌కి తెచ్చి, ఆగ్ వార్బిస్‌గా ఎక్స్‌పోర్ట్. ఏ క్లిప్పూ సెకండ్ దాటకుండా చూసుకున్నాను, గోడ క్లిప్పు ఒక్కటే కొంచెం దాటింది, దాన్ని ముట్టుకోలేదు.

అక్షరాల సంగతి

గొంతుతో పాటు స్క్రీన్ మధ్యలో తెలుగు అక్షరాలు కూడా వస్తే బాగుంటుందని తమ్ముడు అడిగాడు. గేమ్‌తో వచ్చే ఫాంటులో తెలుగు లేదు. తెలుగు ఫాంటు ఇచ్చి చూస్తే అక్షరాలు వచ్చాయి గానీ, గుణింతాలు, వత్తులు అతుక్కోవు, దేనికది విడిగా నిలబడుతుంది. మన లిపికి కావాల్సిన అతుకుల పని గేమ్ చేయదు. అందుకని అక్షరాలుగా కాకుండా బొమ్మగా ఇచ్చాను. గింప్‌లో 512 బై 128 కాన్వాస్, వెనక ఏమీ లేకుండా, రామభద్ర ఫాంటులో పసుపు అక్షరాలు, చుట్టూ దట్టమైన నల్ల అంచు. రామభద్ర లావుగా ఉంటుంది కాబట్టి నిప్పుల గుహలో కూడా చదవొచ్చు. 32 బిట్ టీజీఏగా సేవ్ చేయాలి, కంప్రెషన్ టిక్ తీసేయాలి. వెడల్పు, ఎత్తు రెండూ 64, 128, 256, 512 ఇలా రెండు చొప్పున హెచ్చించుకుంటూ పోయే అంకెలే కావాలి, మధ్య సైజులిస్తే బొమ్మ రాదు. ఆ బొమ్మను వీక్‌ఆరాస్‌లో టెక్స్చర్‌గా పెట్టి, బాంబు డీబఫ్‌కి కట్టాను.

మూడు బొమ్మలు చేసి ఆపేశాను. చెవికి చేరాల్సింది చెవికి చేరుతుంటే కళ్లకు ఇంకా పని పెట్టడం దేనికి, కళ్లు కాళ్ల కింద నేల మీద ఉండాలి.

మొదటి పరీక్ష

రెయిడ్ దాకా ఆగక్కర్లేదు, డీబీఎం టెస్ట్ కమాండ్ కొడితే ఉత్తుత్తి బార్లు, హెచ్చరికలు వస్తాయి. గొంతు వస్తోంది కానీ మేం మాట్లాడుకునే డిస్కార్డ్ యాప్‌లో ఎవరైనా మాట్లాడితే చాలు గేమ్ సౌండ్ అంతా తగ్గిపోతోంది, అవ్వ కూడా. డిస్కార్డ్ సెట్టింగుల్లో అటెన్యుయేషన్ అని ఒకటుంది, ఎవరైనా మాట్లాడినప్పుడు మిగతా యాప్‌ల సౌండ్ తగ్గించేది. దాన్ని సున్నాకి లాగాలి. గేమ్‌లో మ్యూజిక్ ఆపేసి, ఎఫెక్ట్స్ బాగా తగ్గించి, డీబీఎం సౌండ్‌ని మాస్టర్ ఛానెల్‌కి మార్చాం.

బుధవారం రాత్రి రెయిడ్. లూసిఫ్రాన్ దగ్గర "శాపం తీయి" వినపడగానే తమ్ముడి చేయి చదరాల మీదికి పోయింది, అదే వాడికి మొదటి ధైర్యం. లూసిఫ్రాన్ దగ్గరే హంటర్ల ట్రాంక్విలైజింగ్ షాట్ పుస్తకం దొరుకుతుంది, రెండో బాస్ మాగ్మడార్‌కి పూనకం వచ్చినప్పుడు దాంతోనే చల్లార్చాలి. నాకు ఆ హెచ్చరిక ఇంకా రికార్డు చేయలేదు, స్టీలు గ్లాసే మోగింది. అయినా పని జరిగింది.

గెడ్డన్ దగ్గర బాంబు చాలాసేపు వేరేవాళ్ల మీద పడింది. తమ్ముడి మీద పడ్డప్పుడు డిస్కార్డ్‌లో మా తెలుగు ఛానెల్లో ఒక్క మాట లేదు, వాడి మేజ్ మాత్రం గోడ వైపు సూటిగా పోతూ కనపడ్డాడు. పేలింది, పైకి లేచాడు, కింద పడ్డాడు, బతికాడు, ఇంకెవరికీ తగల్లేదు. ఆ తర్వాత ఛానెల్లో నవ్వులు. "అన్నా, చెవిలో అవ్వ అరిస్తే ఆలోచించేదేముంది" అన్నాడు.

చివరి బాస్ రాగ్నరోస్ దగ్గర అక్క అంకెలు బాగా పనికొచ్చాయి. మూడు నిమిషాలకు వాడు లావాలోకి మునిగి 8 మంది నిప్పు పిల్లల్ని వదులుతాడు, 90 సెకండ్లలో మళ్లీ లేస్తాడు, ఆ లోపల వాళ్లను ఊడ్చేయాలి. లేవడానికి ముందు ఐదు నుంచి తెలుగులో లెక్క వినపడుతుంటే ఎవరి చోటికి వాళ్లు చేరడం తేలికైంది.

ఎండలు

ఏప్రిల్ దాటాక కర్నూల్లో రాత్రి పన్నెండుకి కూడా గోడలు వేడిగానే ఉంటాయి. నా ల్యాప్‌టాప్‌లో వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు, ప్రాసెసర్ వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది, 40 మంది ఒక్కచోట చేరితే స్క్రీన్ మీద సెకండ్‌కి వచ్చే ఫ్రేములు సగానికి పడిపోతాయి. కింద చిన్న స్టాండు, పక్కన టేబుల్ ఫ్యాను, అది మామూలే. యాడాన్ల వైపు ఏం చేయొచ్చో చూశాను.

చాలామంది ఏ యాడాన్ ఎంత మెమరీ తింటోందో చూసి దాన్ని తిడతారు. మెమరీ పెద్ద విషయం కాదు, ప్రాసెసర్ టైము ఎవరు తింటున్నారో చూడాలి. స్క్రిప్ట్ ప్రొఫైల్ అనే సెట్టింగు ఆన్ చేసి రీలోడ్ కొడితే గేమ్ ఆ లెక్క వేసి పెడుతుంది. చూసుకోవడం అయ్యాక ఆపేయాలి, ఎందుకంటే ఆ లెక్క వేయడానికీ టైము పడుతుంది. నా దగ్గర దొంగ ఎవరంటే, ఎక్కడినుంచో దించుకున్న వీక్‌ఆరా ఒకటి, ప్రతి ఫ్రేముకీ తన కోడ్ నడుపుతోంది, అంటే సెకండ్‌కి ముప్పై నలభై సార్లు 40 మందిని లెక్కపెడుతోంది. అదే పని డీబఫ్ మారినప్పుడు మాత్రమే చేసేలా ట్రిగ్గర్ మార్చాను. డిటెయిల్స్ అప్‌డేట్‌ని సెకండ్‌కి ఒకసారికి తగ్గించాను. రెయిడ్‌కి వేరుగా గ్రాఫిక్స్ సెట్టింగులు పెట్టుకునే ట్యాబు గేమ్‌లోనే ఉంది, అందులో నీడలు, మంత్రాల మెరుపులు తగ్గించాం.

ఒకరాత్రి ఫైట్ మధ్యలో కరెంట్ పోయి, ఇన్వర్టర్ అందుకునే లోపల రౌటర్ ఆగిపోయింది. మళ్లీ లోపలికొచ్చేసరికి ఫైట్ నడుస్తోంది, కొన్ని రెయిడ్ ఫ్రేములు సరిగ్గా కట్టుకోలేదు. ఫైట్ నడిచేటప్పుడు మంత్రాలు వేసే బటన్లను యాడాన్లు కదపకూడదు, పుట్టించకూడదు అనేది కూడా ఆ పాత 2.0 కాలం నిబంధనే. రౌటర్‌కి చిన్న డీసీ యూపీఎస్ కొన్నాను, యాడాన్ల కంటే ఆ పెట్టే ఎక్కువ పని చేస్తోంది.

కొత్త నిబంధనలు

బావ ఒకరోజు భయంగా మెసేజ్ పెట్టాడు, వీక్‌ఆరాస్ ఆగిపోతోందంట కదా అని. అది ప్రధాన గేమ్ సంగతి. మిడ్‌నైట్ విస్తరణ కోసం వచ్చిన 12.0 ప్యాచ్‌తో ఫైట్ సమాచారాన్ని యాడాన్లు చదివి నిర్ణయాలు తీసుకోకుండా బ్లిజార్డ్ కట్టడి పెట్టింది. కొన్ని విలువలు యాడాన్‌కి అందుతాయి, స్క్రీన్ మీద చూపించొచ్చు, కానీ తెరిచి చూసి ఇది ఇంత ఉంటే అది చేయి అనడానికి లేదు. ఆ నిబంధనల్లో తమ యాడాన్ పని చేయలేదని వీక్‌ఆరాస్ తయారీదారులు 2025లోనే మిడ్‌నైట్‌కి వెర్షన్ చేయబోమని చెప్పేశారు. బదులుగా బాస్ టైమ్‌లైన్, డ్యామేజ్ మీటర్ గేమ్ లోపలే పెట్టారు.

నాకైతే బ్లిజార్డ్ వాదన సగం సబబే అనిపిస్తుంది. యాడాన్లున్నాయి కదా అని బాసులను ఇంకా కష్టంగా చేయడం, కష్టంగా ఉన్నాయని ఇంకా యాడాన్లు రాయడం, ఇరవై ఏళ్లుగా అదే పరుగు. యాడాన్ లేనివాణ్ణి గిల్డ్‌లో చేర్చుకోని రోజులు వచ్చాయి. కానీ లోపల పెట్టిన పరికరాలు ఏ భాషల్లో ఉంటాయో వాళ్లిష్టం, తెలుగు గేమ్ భాషల్లో లేదు. ఎవరో ఒక అవ్వ గొంతు దూర్చుకునే సందు ఉండేది యాడాన్లలోనే. మేం ఆడేది క్లాసిక్ కాబట్టి ప్రస్తుతానికి మా సెట్టుకి ఢోకా లేదు. గోడ ఆరా ఎప్పుడైనా పనికిరాకుండా పోతే "బయటికి ఉరుకు"తో సర్దుకుంటాం.

మిగిలిన పని

ఒనిక్సియా క్లిప్పులు సగమే అయ్యాయి. ప్రాణం 65 శాతానికి తగ్గగానే ఆ డ్రాగన్ పైకి ఎగురుతుంది, అక్కడి నుంచి గుహ పొడవునా నిప్పు ఊదుతుంది, 40 శాతం దగ్గర కిందికి దిగి అందరినీ భయపెట్టి చెదరగొడుతుంది. నిప్పు ఊదేటప్పుడు ఎటు ఉరకాలో అది ఎటు తిరిగి ఉందన్న దాన్ని బట్టి మారుతుంది, కాబట్టి "గోడ కాడికి" లాంటి ఒకే మాట ఇక్కడ కుదరదు. "ముందు నిలబడొద్దు" అని పెట్టి చూస్తున్నా.

మాగ్మడార్ ట్రాంక్విలైజింగ్ షాట్ హెచ్చరిక అవ్వతో చెప్పించాలి. ఈసారి ఎండ తగ్గాక, ఉదయం పూట. అనంతపురంలో బావ తన ప్యాకు తానే చేసుకుంటానని వాళ్లమ్మను కూర్చోబెట్టాడంట, అత్త గొంతు మా అవ్వకు తీసిపోదు. పొట్టి పేరు వేరేది పెట్టుకోమని చెప్పాను, ఒకే పేరుంటే మా ఫోల్డర్ మీద రాసుకుపోతుంది. ప్రొద్దుటూరు వాళ్లకు జిప్ ఫైలు పంపించా, ఒకతను గేమ్ మూయకుండా రీలోడ్ కొట్టి సౌండ్ రాలేదని అప్పుడే ఫోన్ చేశాడు.